నాదస్వరం వదిలేసి సాక్సాఫోన్ పట్టుకోమంటారా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. చిలకలూరిపేట దగ్గర పల్లెటూరు. తాతల నాటి నుంచి మాది సన్నాయి మేళం. చిన్నప్పటి నుంచి నాన్న పక్కన కూర్చుని వాయిస్తున్నాను. ఇప్పుడు పెళ్లిళ్లలో జీలకర్ర బెల్లానికీ, తాళికీ మాత్రమే మేము కావాలి, మిగతాదంతా డీజేదే. కీబోర్డ్ ట్రాక్ మీద సినిమా పాటలు వాయించి యూట్యూబ్‌లో పెడుతున్నాను. వ్యూస్ వస్తున్నాయి కానీ డబ్బు లేదు, కచేరీలకు పిలుపూ లేదు. సాక్సాఫోన్ నేర్చుకుని హైదరాబాద్‌లో ఫ్యూజన్ బ్యాండ్ పెట్టాలని ఉంది. నాన్నేమో గుడి ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన వీడియోలు విన్నాను. వేళ్లు బాగున్నాయి, దమ్ము బాగుంది. వినడానికి మాత్రం చెవులు గీరుకుపోతున్నాయి. ఆ తప్పు మీ వాద్యానిది కాదు. నాదస్వరం ఆరుబయట ఊరేగింపులో నాలుగు వీధులకు వినబడేలా పుట్టిన వాద్యం. దాన్ని చిన్న గదిలో, ఎదురుగా ఫోన్ పెట్టి వాయిస్తే ఫోన్ తట్టుకోలేక సౌండ్‌ను నొక్కేస్తుంది. పైగా ఆ స్వరం ఒక్కచోటి నుంచి రాదు. కొంత వేళ్లు తీసిన రంధ్రాల నుంచి, కొంత కింది గరాటు నుంచి వస్తుంది. మైకు గరాటుకు ఆనించి పెడితే ఒక స్వరం గుభేలుమని, ఇంకోటి పీలగా పడుతుంది. కల్యాణ మండపాల్లో సౌండ్ వాళ్లు రోజూ చేసే పని ఇదే. ఒకసారి ఖాళీ హాల్లోనో, గుడి మండపంలోనో, మైకును నాలుగైదు అడుగుల దూరంలో పెట్టి రికార్డు చేసి చూడండి. ఖర్చేమీ లేదు.

రెండోది ఆ కీబోర్డ్ ట్రాక్. మోహనం, హంసధ్వని లాంటి రాగాలు దాని మీద నెట్టుకురావచ్చు. తోడి రాగంలో గాంధారం (గ స్వరం) ఊగుతుంటే కింద కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగే స్వరాలు) గట్టిగా ఒకచోట నిలబడి ఉంటాయి. రెండూ కొట్టుకుంటాయి. మీరు ఆ ఊపు, అంటే గమకం, తగ్గించుకుని ట్రాక్‌కు లొంగిపోతున్నారు, వీడియోల్లో అది తెలిసిపోతోంది. ఫ్యూజన్ అంటే కార్డ్సే ఉండాలని ఎవరన్నారు? శ్రుతి, డోలు, ఒక బేస్ గిటార్ చాలు. మీ డోలు విద్వాంసుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని అలా ప్రయత్నించండి.

ఇక సాక్సాఫోన్. మీకు గుర్తొచ్చేది సాక్సాఫోన్ విద్వాంసుడు కద్రి గోపాల్‌నాథ్ గారే అయ్యుంటారు. ఆయనదీ నాదస్వర కుటుంబమే. మైసూరు ప్యాలెస్ బ్యాండ్‌లో సాక్సాఫోన్ విని మనసు పారేసుకున్నారు. కానీ మీటలున్న వాద్యం మీద గమకం పలికించడానికి ఏళ్ల తరబడి సాధన చేశారు, వాద్యంలోనే మార్పులు చేయించుకున్నారు. వాయించింది మాత్రం అదే కర్ణాటక సంగీతం. ఆయన మార్చుకున్నది ఒక్క వాద్యాన్నే. మీరు వాద్యం, సంగీతం, ఊరు మూడూ ఒకేసారి మార్చేస్తానంటున్నారు. అది నాకు నచ్చలేదు.

మీ వైపు వారి ఉదాహరణ ఇంకా దగ్గరది. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా గారు మీ చిలకలూరిపేటలోనే ఆదం సాహెబ్ గారి దగ్గర నేర్చుకున్నారు. తర్వాత తమిళనాడు నాదస్వర విద్వాంసుడు రాజరత్నం పిళ్లై తంజావూరు బాణీకి ముగ్ధులై, అప్పటికే మేళంలో పేరుండి కూడా, మళ్లీ శిష్యుడిగా కూర్చుని ఆ బాణీ పట్టారు. శ్రీరంగం చేరారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆయన దగ్గర నేర్చుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. చేతిలో ఉన్న వాద్యం అదే, దాని పలుకు మారింది, వినేవాళ్లు మారారు. పేరున్నవాళ్లు మళ్లీ మొదటి పాఠం దగ్గర కూర్చోవడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు. మీకూ ఇప్పుడు కొత్త వాద్యం కంటే కొత్త గురువు అవసరం ఎక్కువ.

డబ్బు విషయం. సినిమా పాట వాయిస్తే ప్రకటనల ఆదాయం తరచూ ఆ పాట హక్కులున్న కంపెనీకే పోతుంది. త్యాగరాజ కృతికి ఆ గొడవ లేదు. వ్యూస్ తగ్గుతాయి, నిజమే. కచేరీకి పిలిచే సభల వాళ్లు చూసేది మాత్రం కృతి వాయించిన వీడియోనే. ఆకాశవాణి ఆడిషన్‌కు దరఖాస్తు పెట్టండి. బి గ్రేడ్ వచ్చినా ఆహ్వాన పత్రికలో పేరు కింద వేసుకోవచ్చు, సభల వాళ్లు అది చూస్తారు. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు ఇచ్చే స్కాలర్‌షిప్‌ ఒకటుంది, నెలకు 5,000 రూపాయలు, రెండేళ్లు. వయసు 18 నుంచి 25 మధ్య ఉండాలి. మీకు 24, కాబట్టి ఈసారి నోటిఫికేషన్ వదలొద్దు. గురువు దగ్గర నేర్చుకున్న కాలానికి రుజువు అడుగుతారు, ఆ కాగితం ఇప్పుడే రాయించి పెట్టుకోండి.

నాన్నగారి మాట కొట్టిపారేయకండి. గుడి కొలువులో నెల జీతం ఉంటుంది, పొద్దున, సాయంత్రం సేవ పోగా మధ్యలో సాధనకు టైమ్ దొరుకుతుంది. పెళ్లిళ్ల సీజన్ నమ్ముకున్నవాడికి అది దొరకదు. గుడి ఉద్యోగాల నోటిఫికేషన్లలో సర్టిఫికెట్ అడిగితే ఇంట్లో నేర్చుకున్న విద్య లెక్కలోకి రాదు. విజయవాడ ఘంటసాల ప్రభుత్వ సంగీత కళాశాలలో గానీ, తిరుపతిలో టీటీడీ నడిపే నాదస్వర పాఠశాలలో గానీ చేరే దారి కనుక్కోండి. పైన చెప్పిన కొత్త గురువు అక్కడే దొరకొచ్చు.

పెళ్లి మేళం ఇప్పుడే మానకండి, ఇంటి ఖర్చు అదే చూస్తోంది. ఆషాఢంలో, మూఢాల్లో ఎలాగూ ముహూర్తాలుండవు. మీ కొత్త సౌండ్ పని ఆ ఖాళీలో పెట్టుకోండి. సాక్సాఫోన్ అప్పటికీ మనసును లాగుతుంటే, అప్పు చేసి కొనకుండా గుంటూరులోనో విజయవాడలోనో బ్యాండ్ వాళ్ల దగ్గర అడిగి తీసుకుని, దాని మీద తోడి వాయించి చూడండి. ఆ రికార్డింగ్ నాకు పంపితే అప్పుడు మాట్లాడుకుందాం.