సీట్లు కుట్టిన షాపువాళ్లు కారు ఆపేయొచ్చా?

ప్రశ్న: నా 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని కారును అమెరికావాళ్ల హాట్ రాడ్ (పాత కారును వేగానికీ, తీరుకీ మార్చి కట్టుకునేది) తరహాలో చేయించుకుంటున్నాను. ముందు బాగా కిందికి ఉండే రెండు బకెట్ సీట్లు పెట్టి, వెనక సీటు తీసేసి కార్పెట్ వేయాలని అనుకున్నాం. ఆటోనగర్‌లో ఒక కుషన్ వర్క్స్‌తో రూ.65 వేలకు మాట్లాడుకుని రూ.30 వేలు అడ్వాన్స్ ఇచ్చాను. లెదర్ అని చెప్పి రెక్సిన్ వేశారు. ట్రయల్‌కి తిప్పి చూస్తే, బ్రేక్ కొట్టగానే డ్రైవర్ సీటు ఊగుతోంది. ఇప్పుడు మొత్తం రూ.95 వేలు ఇస్తేనే కారు ఇస్తారట, పైగా పార్కింగ్ ఛార్జీ కూడా అడుగుతున్నారు. పోలీసు కేసు పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: స్టేషన్‌కి వెళ్తే ‘ఇది సివిల్ తగాదా’ అని పంపించేస్తారు. అది కొంతవరకు నిజమే. పని చేసినవాడికి తన కూలి అందేదాకా వస్తువును దగ్గర పెట్టుకునే హక్కును 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇచ్చింది. చట్టంలోనే ఉదాహరణలున్నాయి: వజ్రానికి సాన పెట్టిన నగల వ్యాపారి తన మజూరీ అందేవరకు దాన్ని ఆపుకోవచ్చు. కోటు కుట్టిన దర్జీ మాత్రం డబ్బుకు మూడు నెలలు గడువిస్తానని ముందే ఒప్పుకుని ఉంటే ఆ కోటును ఆపుకోలేడు.

అయితే ఆ హక్కు ఒప్పుకున్న పనికి, రావలసిన డబ్బుకే. మీ లెక్కలో మిగిలింది రూ.35 వేలు. రేటు పెంచడానికి మీరు ఒప్పుకోకపోతే పై రూ.30 వేలకు ఆధారం లేదు. కారును తానే ఆపుకుని పార్కింగ్ అడగడమంటే, ముందుగా ఆ మాట అనుకుని ఉండాలి.

రూ.35 వేలు యూపీఐలో పంపి, ‘నాణ్యతపై నా అభ్యంతరం అలాగే ఉంచుకుని కడుతున్నాను, కారు ఇవ్వండి’ అని వాట్సాప్‌లో రాయండి. నగదు వద్దు. బిల్లు అడగండి. బిల్లు ఇవ్వకపోవడమే 2019 వినియోగదారుల చట్టం కింద ఒక అక్రమ వ్యాపార పద్ధతి. అప్పటికీ కారు వదలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. రూ.5 లక్షల లోపు లావాదేవీకి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. కారు ముందుగా ఇప్పించమని 38(8) సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. సీటు పట్టాలు, బోల్టులు, కుట్టు కనిపించేలా ఫొటోలు తీయించి, వేరే మెకానిక్ చేత లోపాలు రాతపూర్వకంగా రాయించుకోండి. రెక్సిన్ విషయం కన్నా సీటు ఊగుతోందన్నదే మీ కేసుకు బలం.

ఇక మీరు అడగని విషయం. ఫిర్యాదులో ‘వెనక సీటు తీయమన్నాను’ అని రాసేముందు ఆలోచించండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ఎందరు కూర్చోవచ్చన్నది ఆర్‌సీలోని వివరమే. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. అదే మోటారు వాహనాల చట్టం 182ఎ(4) సెక్షన్ కింద ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. గుడ్డ, ఫోమ్, రెక్సిన్ మార్చుకోవడం వేరు. చట్టం ‘మార్పు’ అన్నది బండి నిర్మాణం మారి, దాని ప్రాథమిక లక్షణమే మారిపోవడాన్ని.

మీ కారు విషయంలో ఇది ఇంకా సున్నితం. హాట్ రాడ్లకు వాడే పాత ఫోర్డులకు కింద విడి ఛాసిస్ ఫ్రేము ఉండేది. పద్మినికి అదేమీ లేదు, ఫ్లోర్ రేకే నిర్మాణంలో భాగం. సీటు కిందికి దించడానికి ఆ రేకు కోసి ఉంటే అది కుషన్ పని కాదు, బండి బలానికి సంబంధించిన పని. ప్రమాదం జరిగితే ఓన్ డ్యామేజ్ (మీ కారుకే జరిగిన నష్టం) క్లెయిమ్‌లో బీమా కంపెనీ మొదట పట్టుకునేది ఇదే. పైగా ఆర్‌సీని అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి కదా, అప్పుడు బండిని ఇన్‌స్పెక్టర్ చూస్తారు. 2036లో వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించే ఆశ ఉంటే, 2021 నిబంధనలు అసలు రూపం చెడని 50 ఏళ్ల బళ్లకే అని గుర్తుంచుకోండి.

కారు తెచ్చుకునేటప్పుడు తీసేసిన వెనక సీటును ఫ్రేము, బోల్టులతో సహా అడిగి పుచ్చుకోండి. అవి షాపులో తుక్కులోకి వెళ్తే, రేపు ఆర్‌సీలో ఉన్నట్టు కారును మళ్లీ తయారు చేయించడం రూ.95 వేలతో కూడా అయ్యే పని కాకపోవచ్చు.