నాటకాలు మానకపోతే విడాకులేనా?

ప్రశ్న: మాది తిరుపతి. పెళ్లయి ఎనిమిదేళ్లు, ఆరేళ్ల బాబు. పరిషత్తు పోటీలకు పద్యనాటకం రిహార్సల్ చేసి రాత్రి ఇంటికొస్తే మావారు తలుపు తీయలేదు. ఏడు నెలలుగా బాబుతో పుట్టింట్లో ఉన్నాను. నగలు ఆయన దగ్గరే ఉన్నాయి. నాటకాలు మాని 15 రోజుల్లో కాపురానికి రాకపోతే కేసు వేసి విడాకులు తీసుకుంటానని ఇప్పుడు లాయర్ నోటీసు పంపారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు, భయపడకండి. కానీ జవాబు మాత్రం గడువులోపే ఇవ్వండి. ఊరుకుంటే రేపు కోర్టులో ‘పిలిచినా రాలేదు’ అనడానికి ఆయనకు అదే ఆధారమవుతుంది.

చాలామంది దెబ్బతినేది ఆ జవాబులోనే. కోపంలో ‘నాకు నాటకమే ముఖ్యం, నీ దగ్గరికి రాను’ అని రాసేస్తారు. ఆ ఒక్క మాటతో మీరే కాపురం వదిలేసినట్టవుతుంది. జరిగింది జరిగినట్టు రాయించండి: ఏ తేదీన, ఎన్ని గంటలకు తలుపు తీయలేదు, ఎవరు చూశారు, ఆ రాత్రి ఎక్కడ ఉన్నారు. కలిసి ఉండాలని మీకు నిజంగా ఉంటేనే ‘నాటకం మానాలనే షరతు లేకుండా వస్తాను’ అని చేర్చండి. చేరినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపి, నకలు, రసీదు దాచుకోండి.

ఆయన వేయబోయేది హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 కింద కాపురం కేసు, అంటే మిమ్మల్ని తిరిగి కాపురానికి రమ్మని ఆదేశించాలని కోర్టును కోరడం. 1983లో మన హైకోర్టు సినీనటి సరిత కేసులో ఈ సెక్షన్ చెల్లదని కొట్టేసింది. ఆ తీర్పు నిలబడి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. 1984లో సుప్రీంకోర్టు సెక్షన్ చెల్లుతుందని తేల్చింది. దూరంగా ఉండటానికి తగిన కారణం ఉందని చూపాల్సిన భారం మీదే. అందుకే ఆనాటి మెసేజులు చెరిపేయకండి. సమన్లు వస్తే వాయిదాకు తప్పక వెళ్లండి. వెళ్లకపోతే మీ వాదన వినకుండానే తీర్పు (ఎక్స్‌పార్టీ డిక్రీ) ఇచ్చేస్తారు. డిక్రీ వచ్చినా మిమ్మల్ని అరెస్టు చేయరు, బలవంతంగా తీసుకెళ్లరు. మీ ఆస్తి జప్తు చేయమని ఆయన అడగవచ్చు. డిక్రీ తర్వాత ఏడాదిపాటు కలిసి ఉండకపోతే దాని ఆధారంగా విడాకులు కోరవచ్చు. అసలు ముప్పు అక్కడే. ‘వదిలేసి వెళ్లింది’ అంటూ నేరుగా విడాకులు అడగాలంటే రెండేళ్లు నిండాలి, మీకు ఏడు నెలలే.

భరణానికి బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 144 కింద మీరే అర్జీ వేయండి. తగిన కారణం ఉంటే, కాపురం డిక్రీని పాటించని భార్యకూ భరణం ఇవ్వవచ్చని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆదాయ అఫిడవిట్‌లో నాటక సమాజం ఇచ్చే పారితోషికం, బహుమతి సొమ్ము దాచకండి. అది బయటపడితే మిగతా మాటలూ నమ్మరు.

నగలు మీ స్త్రీధనం, అంటే మీకే చెందిన సొత్తు. పెళ్లి ఫొటోలు చూసి ఒక్కో నగ పేరు, బరువు రాసుకోండి, బిల్లులుంటే జతచేయండి. గృహహింస చట్టం కింద అర్జీ వేస్తే వాటిని తిరిగి ఇప్పించమనీ, ఆ ఇంట్లో ఉండే హక్కు కాపాడమనీ అడగవచ్చు. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు ఉచిత లాయర్‌ను ఇస్తారు. న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.

బాబుకు ఐదేళ్లు దాటాయి కాబట్టి, తల్లి దగ్గరే ఉంచాలనే మామూలు నియమం మీద ఆధారపడలేరు. కోర్టు వాడి క్షేమం చూస్తుంది. పోటీలకు ఊరెళ్లిన రోజుల్లో వాడికి అన్నం ఎవరు పెట్టారు, బడికి ఎవరు దింపారు అనేది తేదీలతో ఒక నోటుబుక్కులో ఈరోజు నుంచే రాయడం మొదలుపెట్టండి.