రెండు నెలల నాటుకోడి పిల్లల్లో పుంజు ఏది, పెట్ట ఏది?

మీ ప్రశ్న ఇది: ఇంట్లో పొదిగించిన పిల్లలకు రెండు నెలలు నిండాయి, వాటిలో కొన్ని మామూలు నాటు పిల్లలు, కొన్ని అసీల్ పుంజుకు పుట్టినవి, రెండు కడక్‌నాథ్ గుడ్ల నుంచి వచ్చినవి, పెట్టలు కావాలని వచ్చిన ఒకరు మూడింటిని ఏరి పక్కన పెట్టారు, ఆ ఏరిక సరైనదో కాదో తేల్చుకోవడం ఎలా అని అడిగారు. మా ఇంట్లో నాయనమ్మ కాలం నుంచి పెరటికోళ్లు ఉన్నాయి, ఇప్పుడు వాటి బాధ్యత నాది. కాబట్టి పుస్తకంలో చదివినదానికంటే చేత్తో పట్టుకుని చూసినదాన్నే ఎక్కువగా చెబుతాను.

ముందుగా ఒక మాట. ఏ పిల్లనూ విడిగా చూసి ఇది పుంజు, ఇది పెట్ట అని తేల్చవద్దు. ఒకే పొదుగులో పుట్టిన, ఒకే జాతి తోబుట్టువులను పక్కపక్కన పెట్టి చూడాలి. రెండు వారాలు ముందు పుట్టిన పెట్ట పిల్ల, వెనక పుట్టిన పుంజు పిల్ల కంటే పెద్దగా కనిపించడం సహజం. అసీల్ పిల్లను మామూలు నాటు పిల్లతో పోల్చితే అసీల్ పెట్ట కూడా పొడుగు కాళ్లతో, నిటారు మెడతో పుంజులాగే నిలబడుతుంది. మీ దగ్గర మూడు రకాలు కలిసి ఉన్నాయి కనుక మూడు గుంపులుగా విడదీసి చూడడమే మొదటి పని.

హేచరీల్లో ఒకరోజు పిల్లలనే వేరు చేస్తున్నారు కదా, మనకెందుకు కుదరదు అని చాలామంది అడుగుతారు. అక్కడ ప్రధానంగా రెండు పద్ధతులు ఉన్నాయి. పిల్ల మలద్వారాన్ని మెల్లగా తెరిచి లోపల ఉండే చిన్న బొడిపెను చూడడం ఒకటి. 1920లలో జపాన్ పరిశోధకులు వెలుగులోకి తెచ్చిన ఈ పద్ధతికి చాలాకాలం శిక్షణ కావాలి, చేయి తిరగనివారు ప్రయత్నిస్తే పిల్లకు లోపల గాయమవుతుంది, కాబట్టి ఇంట్లో దాని జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతాను. రెక్క ఈకల పొడవును చూడడం రెండోది. ఇది ఈకలు త్వరగా వచ్చే రకం పుంజును, ఆలస్యంగా వచ్చే రకం పెట్టను కావాలని జతకట్టి తీసిన పిల్లల్లోనే పనిచేస్తుంది. ఆ లక్షణాన్ని మోసే జన్యువు లింగ క్రోమోజోము మీద ఉంటుంది; పెట్ట పిల్లకు ఆ క్రోమోజోము తండ్రి నుంచి మాత్రమే వస్తుంది కనుక దానికి తండ్రిలాగే ఈకలు త్వరగా వస్తాయి, పుంజు పిల్లకు తల్లి నుంచి కూడా వస్తుంది కనుక ఆలస్యమవుతుంది. పెరట్లో ఏ పుంజు ఏ పెట్టతో తిరిగిందో తెలియని మన నాటుకోళ్లలో రెక్క ఈకలను కొలిచి ప్రయోజనం లేదు.

ఇంట్లో మనకు మొదట ఉపయోగపడేది తలమీది జుట్టు. పళ్లు పళ్లుగా నిలబడే ఒంటి జుట్టు ఉన్న పిల్లల్లో నెల దాటేసరికి తేడా మొదలవుతుంది: పుంజు పిల్లకు జుట్టు మొదలు మందంగా, వెడల్పుగా మారి గులాబీ రంగు ఎక్కుతుంది, ముక్కు కింద తమ్మెలు చిన్నగా కనిపిస్తాయి, పెట్ట పిల్లకు అదే వయసులో జుట్టు సన్నగా, పసుపు కలిసిన పాలిపోయిన రంగులో ఉండిపోతుంది. పెట్టకు జుట్టు బాగా ఎర్రబడేది గుడ్డుకు వచ్చే ముందు, అంటే సుమారు అయిదారు నెలలకు. అందువల్ల రెండు నెలలకే ఎర్రని జుట్టు, తమ్మెలు ఉన్న మామూలు నాటు పిల్లను పుంజని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు. దీనికి తిరగవేసి, జుట్టు పాలిపోయి ఉంది కనుక పెట్టే అనుకోవడం మాత్రం తగదు. కడుపులో నులిపురుగులున్న పుంజు పిల్ల, రక్త పారుడు వచ్చి కోలుకుంటున్న పుంజు పిల్ల, తోటి పుంజుల చేత పొడిపించుకుంటూ మేతకు దూరంగా ఉండే పుంజు పిల్ల కూడా పాలిపోయిన చిన్న జుట్టుతోనే తిరుగుతుంది. మా దగ్గర అలాంటి పిల్లలకు నులిపురుగుల మందు వేసి, కొన్నాళ్లు విడిగా మేత పెట్టాక జుట్టు రంగు తిరగడం చాలాసార్లు చూశాను. పెట్టలుగా అమ్ముడుపోయి తర్వాత కూత పెట్టే పిల్లల్లో ఇలాంటివే ఎక్కువ.

మీ మిగతా రెండు గుంపుల దగ్గర ఈ జుట్టు పరీక్ష మరింత బలహీనపడుతుంది. అసీల్ జుట్టు మూడు వరుసల బొడిపెలుగా తలకు అంటుకుని ఉంటుంది, పైగా ఆ జాతి నిదానంగా ఎదుగుతుంది. రెండు నెలలకు పుంజు జుట్టుకూ పెట్ట జుట్టుకూ కంటికి ఆనేంత తేడా చాలా పిల్లల్లో ఉండదు. వేలి కొసతో తడిమితే పుంజు పిల్లకు మధ్య వరుస కాస్త ఎత్తుగా, కండగా తగులుతుంది, పెట్టకు చదునుగా ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతం నుంచి వచ్చిన కడక్‌నాథ్‌కు చర్మంతో పాటు జుట్టు, తమ్మెలు కూడా నల్లగా ఉంటాయి కాబట్టి వాటిలో రంగు చూసే ప్రశ్నే లేదు. జుట్టు పరిమాణం, తమ్మెల సాగుదల మాత్రమే చూడాలి. మీ రెండు కడక్‌నాథ్ పిల్లలూ నల్ల జుట్టుతో ఉన్నాయని పెట్టల వైపు తోసేసి ఉంటే ఆ ఏరికను వెంటనే పక్కన పెట్టండి.

అన్ని జాతుల్లోనూ నేను ఎక్కువగా నమ్మేది నడుము మీది ఈకలను. చిన్న వయసులో వచ్చే ఈకలు పుంజుకైనా పెట్టకైనా కొన గుండ్రంగానే ఉంటాయి. పదో వారం నుంచి పన్నెండో వారం మధ్య, నిదానంగా ఎదిగే జాతుల్లో ఇంకా కొంత తర్వాత, ఆ పాత ఈకల నడుమ కొత్తవి మొలుస్తాయి. సాయంత్రం పిల్లలు గంప కిందికి చేరాక ఒకదాన్ని తీసి, తల మీ మోచేతి వైపు ఉండేలా ఒడిలో పెట్టుకుని, తోక మొదలయ్యే చోటుకు కొంచెం పైన ఈకలను వేలితో వెనక్కి దువ్వి చూడండి. పుంజు పిల్ల అయితే తెల్లని పొర ఇంకా మొదట్లో అంటుకుని ఉన్న సన్నని కొత్త ఈకలు కనిపిస్తాయి. వాటి కొన సూదిగా సాగి ఉంటుంది, అంచులు విడివిడి పోగులుగా ఉండి టార్చి వెలుతురులో నూనె రాసినట్టు మెరుస్తాయి. పెట్ట పిల్లకు అక్కడ కొత్తగా వచ్చిన ఈక కూడా వెడల్పుగా, గుండ్రని కొనతో, అంచు దాకా ఒకే అల్లికగా ఉంటుంది. మెడ ఈకల్లోనూ ఇదే తేడా ఉంటుంది కానీ కొన్ని పెట్టల మెడ ఈకలు కూడా కొంత కొనదేలి కనిపిస్తాయి కనుక తీర్పు నడుము దగ్గరే చేయాలి. మెడ మీద ఈకలు లేని కోళ్లకైతే నడుము తప్ప మరో దారి లేదు.

ఈ గుర్తును ఇంతగా నమ్మడానికి కారణం ఉంది. కోళ్లలో ఆడ హార్మోనే ఈకను గుండ్రంగా మలుస్తుంది. ఆ హార్మోను లేనప్పుడు ఈక దానంతట అదే కొనదేలి పుంజు ఈకగా వస్తుంది. అండాశయం తీసివేసిన పెట్టకు తర్వాతి ఈకలు పుంజు ఈకల్లా రావడం పరిశోధకులు చూశారు. జుట్టు రంగు మేతతో, జబ్బుతో, గుంపులోని స్థానంతో మారవచ్చు. మేత తగ్గితే కొత్త ఈక ఆలస్యంగా రావచ్చు కానీ పుంజుకు పెట్ట ఈక రాదు. ఇంగ్లండులో పుట్టిన సీబ్రైట్ వంటి ఒకటి రెండు అలంకారపు జాతుల్లో పుంజులకూ పెట్ట ఈకలే ఉంటాయి, కానీ మీ దొడ్లో అవి లేవు.

రంగు కూడా కొంత సాయపడుతుంది. కలగలుపు రంగుల నాటు పిల్లల్లో రెక్క భుజం మీద, వీపు మీద మచ్చలు మచ్చలుగా ముదురు ఎరుపు దిగుతుంటే అది పుంజు అయ్యే అవకాశం ఎక్కువ. పెట్ట పిల్లల రంగు ఒళ్లంతా ఒకే తీరున సర్దుకుంటుంది. కాళ్ల లావు తోబుట్టువుల మధ్య పోల్చితేనే పనికొస్తుంది. కాలి వెనక ముల్లు మొదట్లో రెండింటికీ చిన్న బుడిపెగానే ఉంటుంది, పెద్ద పెట్టల్లో కూడా కొన్నింటికి పెరుగుతుంది, కాబట్టి ఈ వయసులో దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఎదురెదురుగా నిలబడి మెడ ఈకలు విప్పి ఎగరడం పెట్ట పిల్లలు కూడా చేస్తాయి. కూత పెడితే పుంజే అనుకోవచ్చు. కూత పెట్టనంత మాత్రాన పెట్ట కాదు, ఎందుకంటే గుంపులో పైచేయిగా ఉన్న పుంజు ముందు మిగతావి నెలల తరబడి గొంతు విప్పవు.

కొన మొనదేలిన గుడ్డులో పుంజు, గుండ్రని గుడ్డులో పెట్ట ఉంటుందని ఏరి పొదిగించినట్లు కూడా రాశారు. గుడ్డు ఆకారాన్ని తల్లికోడి గర్భనాళం నిర్ణయిస్తుంది, పిల్ల లింగం పెంకు ఏర్పడకముందే అండంలో నిర్ణయమై ఉంటుంది. ఒకదానికి మరొకదానితో సంబంధం లేదు. మొత్తం మీద పుంజులూ పెట్టలూ సుమారు సమానంగా పుడతాయి గానీ ఒక్క పొదుగులో ఆ లెక్క ఎటైనా ఒరగవచ్చు, కాబట్టి సగం పెట్టలు ఉండితీరాలని కూడా అనుకోవద్దు.

ఇక మీ బేరం సంగతి. మామూలు నాటు పిల్లల్లో జుట్టు ఇప్పటికే ఎర్రబడినవాటిని పుంజులుగా పక్కన పెట్టండి. మిగతా పిల్లలకు, కడక్‌నాథ్ రెండింటికీ కలిపి, కాలికి వేర్వేరు రంగుల దారం వదులుగా కట్టి, ఏది ఎలా ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. కాలు పెరిగేకొద్దీ దారం బిగుస్తుంది కనుక వారానికొకసారి విప్పి కట్టాలి. అన్నింటికీ ఒకేసారి నులిపురుగుల మందు వేయించండి. కొనడానికి వచ్చినవారికి ఇప్పుడే మాట ఇవ్వకుండా మరో నెల గడువు అడగండి, అసీల్ పిల్లలకైతే ఇంకో రెండు మూడు వారాలు కలపండి. ఆయన అప్పటిదాకా ఆగనంటే పెట్టలని చెప్పి కాకుండా, ఏదో తేలని పిల్లలని చెప్పి ఆ ధరకే ఇవ్వండి. ఆగుతానంటే, గడువు పూర్తయ్యాక ఆయన ఎదుటే ఒక్కొక్కదాన్ని ఒడిలో పెట్టి నడుము ఈకలు దువ్వి చూపించి అమ్మండి.