లంక రైతుల వరద సాయం గురించి సభలో ఎవరిచేత అడిగించాలి?
కోనసీమ లంకల్లో పంట మునిగినా సాయం అందలేదని, దీన్ని ఎంపీ గారిచేత లోక్‌సభలో అడిగించడమెలాగని మీరు అడిగారు. నక్షత్రపు గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబిస్తారు, దానిపై అనుబంధ ప్రశ్నలూ వేయవచ్చు. అయితే అవి రోజుకు 20 మాత్రమే జాబితాకెక్కుతాయి కనుక, అంకెలు రాబట్టడానికి లిఖితపూర్వక జవాబు వచ్చే గుర్తు లేని ప్రశ్నే మేలని నా అభిప్రాయం. నోటీసు కనీసం 15 రోజుల ముందే ఇవ్వాలి. వరద సాయం అందించే మన రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో కేంద్రం వాటా 75 శాతం. పంట నష్టం లెక్కగట్టి డబ్బు పంచే పని మాత్రం రాష్ట్ర యంత్రాంగానిది. అందుచేత కేంద్రం ఎంత, ఎప్పుడు విడుదల చేసిందో ఎంపీ గారిచేత లోక్‌సభలోనూ, మీ మండలం పంట నష్టం జాబితా ఎక్కడ ఆగిందో ఎమ్మెల్యే గారిచేత శాసనసభలోనూ అడిగించండి. రెండో ప్రశ్నలో ఊరి పేరు, పొలం మునిగిన తేదీ తప్పక రాయించండి.