ముత్యమా, పువ్వా?

సందేహం: మా అబ్బాయివాళ్లు ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉంటారు. మనవరాలికి మార్గరీత్ అని పేరు పెడతారట. కోడలేమో ముత్యం అని అర్థం చెబుతోంది, అబ్బాయి ఒక పువ్వు పేరంటాడు. ఏది సరైనది? తెలుగులో మార్గరీట్ అని రాయాలా, మార్గరీత్ అనా?

సమాధానం: ఇద్దరి మాటా నిజమే. ముందు పుట్టింది మాత్రం ముత్యం. గ్రీకులో మార్గరీతేస్ అంటే ముత్యం. అది లాటిన్‌లో మార్గరీత అయి, అక్కణ్ణుంచి ఫ్రెంచికి చేరింది. పచ్చిక బయళ్లలో విరగబూసే ఒక పువ్వును కూడా ఫ్రెంచివాళ్లు ఆ మాటతోనే పిలిచారు. చుట్టూ తెల్లటి రేకులు, మధ్యన పసుపు బొడ్డు. మన చామంతికి దగ్గరి చుట్టం. మొక్కలను వర్గీకరించిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దాన్ని చామంతుల్లోనే కలిపాడు, తర్వాతి శాస్త్రజ్ఞులు వేరుచేశారు. ఒక్కో రేకూ తుంచుతూ ‘ప్రేమిస్తున్నాడు, కొంచెం, బాగా, గాఢంగా, పిచ్చిగా, అస్సల్లేదు’ అని లెక్కపెట్టుకునే ఆట వాళ్లకు ఈ పువ్వుతోనే.

ఇప్పుడు ఫ్రెంచిలో ముత్యాన్ని పెర్ల్ అంటారు. మార్గరీత్ అంటే పువ్వే గుర్తొస్తుంది. కాబట్టి వ్యుత్పత్తి కోడలి పక్షం, వాడుక అబ్బాయి పక్షం. ఇంగ్లీషులో మార్గరెట్‌లను ముద్దుగా డైసీ అనడం కూడా ఈ ఫ్రెంచి పువ్వు చలవే. పిజ్జా షాపులో మనం అడిగే మార్గరీటా ఇదే పేరుకు ఇటలీ రూపం!

ఇక రాత సంగతి. ఫ్రెంచివాళ్లు ఆ చివరి హల్లును నాలుక పళ్లకు తాకించి పలుకుతారు. అది మన ‘త’కే దగ్గర. ఇంగ్లీషు మాటలకు ‘ట’ రాసే అలవాటుతో మార్గరీట్ అనేస్తున్నాం గానీ, చక్కగా సరిపోయే అక్షరం మనకుండగా ఆ తిప్పలెందుకు? మార్గరీత్ అనే రాయండి.

1900 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఆడపిల్లలకు బాగా ఎక్కువగా పెట్టిన పేర్లలో ఇదొకటి. రచయిత్రులు మార్గరీత్ యూర్సెనార్ 1903లో, మార్గరీత్ దురాస్ 1914లో పుట్టారు. ఆ భాషకు పెద్దదిక్కుగా ఉండే ఫ్రెంచి అకాడమీకి ఎన్నికైన తొలి మహిళ యూర్సెనారే, 1980లో. ఆ తర్వాతి తరాలకు మన సుబ్బమ్మ, వెంకమ్మల్లాగా ఇది నాయనమ్మల పేరైపోయింది. మీవాళ్లు మళ్లీ పెడుతున్నారంటే నాకు ముచ్చటగానే ఉంది.

ఇంట్లో మీరు ముత్యం అని పిలుచుకున్నా, చామంతీ అన్నా పొరపాటేం లేదు. అక్కడి స్నేహితులు ఎలాగూ ‘మార్గో’ అని కుదించేస్తారు.