టెక్ సందేహాలు: సిగ్నల్ లేని కనుమ దగ్గర ఫోన్ ఏం చేస్తుంది?

ప్రశ్న: అక్టోబరులో ధర్మశాల వెళ్తున్నాను. మెక్లియోడ్‌గంజ్ నుంచి ఒక్కడినే ఇంద్రహార్ కనుమ (4,342 మీటర్లు) ఎక్కి, దారిలో ఒక రాత్రి టెంటులో పడుకుని దిగిపోవాలని ప్లాన్. నెట్‌వర్క్ లేకపోతే ఫోన్‌లో మ్యాప్ పనిచేస్తుందా? డల్లాస్‌లో ఉన్న మా బావ గార్మిన్ ఇన్‌రీచ్ పంపిస్తానంటున్నాడు. తెప్పించుకోమంటారా? – హనుమకొండ పాఠకుడు

జవాబు: ముందు ఇన్‌రీచ్ సంగతి తేల్చేద్దాం. వద్దు. అది ఇరిడియం ఉపగ్రహాల ద్వారా మెసేజ్‌లు పంపే పరికరం. టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో దాన్ని దగ్గర ఉంచుకుంటే కేసవుతుంది. సంగతి తెలియక బ్యాగులో పెట్టుకొచ్చిన విదేశీ ట్రెక్కర్లు విమానాశ్రయాల్లోనే ఇరుక్కున్నారు. మీ బావగారికి అంత పంపాలనే ఉంటే మంచి హెడ్‌ల్యాంప్ పంపమనండి. ఐఫోన్ 14 నుంచి వస్తున్న శాటిలైట్ ఎస్‌ఓఎస్ సేవ కూడా ఇది రాసేనాటికి భారత్‌లో లేదు.

మ్యాప్ మాత్రం నిక్షేపంగా పనిచేస్తుంది. జీపీఎస్‌కు టవరుతో పనిలేదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలను ఫోన్ రేడియోలాగా వింటుంది, అంతే. ఫ్లైట్ మోడ్‌లోనూ వింటుంది. కాకపోతే నెట్ ఉన్నప్పుడు ఏ ఉపగ్రహం ఎక్కడుందో చటుక్కున తెలుసుకుంటుంది. లేనప్పుడు ఆ వివరాన్ని కూడా ఆకాశం నుంచే అందుకోవాలి కాబట్టి మొదటిసారి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. నీలం చుక్క కదలడం లేదని ఫోన్‌ను రీస్టార్ట్ చేయకండి. ఆకాశం బాగా కనిపించే చోట కాసేపు ఆగండి చాలు.

గూగుల్ మ్యాప్స్‌ను నమ్ముకోవద్దు. ఆఫ్‌లైన్‌లో అది కారు దారి చెబుతుంది గానీ నడక దారి చెప్పదు. ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఆస్మ్‌యాండ్ గానీ వేసుకుని, హిమాచల్ మ్యాప్‌ను ఇంట్లో వైఫై మీదే దించుకోండి. ఇంతకుముందు వెళ్లొచ్చినవాళ్ల జీపీఎక్స్ ఫైల్ (వాళ్లు నడిచిన దారిని గీతగా చూపేది) దొరికితే అందులో కలపండి. తర్వాత ఫ్లైట్ మోడ్ పెట్టి, మీ వీధి చివరిదాకా నడిచి చూడండి. యాప్ వాడటం హనుమకొండలోనే నేర్చుకోవాలి, కనుమ దారిలో త్రియుండ్‌కు పైనుండే లాకా దాటాక బండరాళ్ల మధ్య కాదు. అక్కడ తెరమీద గీత ఒకటే కనిపిస్తుంది. రాళ్ల మీద పేరుకున్న మంచు సంగతి ఆ గీత చెప్పదు. వీలైతే ఈ దారిలో గొర్రెలను తోలే గద్దీల ఊళ్ల నుంచి ఎవరినైనా వెంట తీసుకెళ్లమనే నా సలహా, మీరు అడగకపోయినా.

అసలు చిక్కు బ్యాటరీతోనే. టవరు అందని చోట ఫోన్ దాన్ని వెతుకుతూ ఛార్జింగ్ తాగేస్తుంది. అందుకే దారిలో ముందుగా వచ్చే త్రియుండ్ దాటాక ఫ్లైట్ మోడ్. ఇక చలి. లిథియం బ్యాటరీలో రసాయన చర్య మందగించి 30 శాతం ఉన్న ఫోన్ కూడా టప్పున ఆరిపోతుంది. ఛార్జింగ్ ఎక్కడికీ పోలేదు. చంకలో పెట్టుకుని వెచ్చబెడితే మళ్లీ లేస్తుంది. రాత్రి ఫోన్, పవర్ బ్యాంక్ రెండూ స్లీపింగ్ బ్యాగులో మీతోపాటే పడుకోవాలి. సున్నా డిగ్రీల కన్నా చల్లబడిన బ్యాటరీకి మాత్రం ఛార్జింగ్ పెట్టకండి, లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. 10,000 ఎంఏహెచ్ బ్యాంక్‌తో 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను రెండుసార్లు నింపగలమనుకుంటారు చాలామంది. వోల్టేజీ మార్పిడిలో పోయేది పోగా ఒకటిన్నరసార్లు వస్తే గొప్ప. విమానంలో పవర్ బ్యాంక్‌ను చేతి సంచిలోనే పెట్టుకోవాలి.

మరి ఆపదొస్తే? కాంగ్రా లోయ కనిపించే చోట సిగ్నల్ దొరికే అవకాశం ఎక్కువ. మీ సిమ్‌కు గీతలు లేకపోయినా వేరే కంపెనీ టవరు అందితే 112కు కాల్ వెళ్తుంది. అదీ అందని చోట పనికొచ్చే చిట్కా ఒకటుంది. బయల్దేరే ముందు జీమెయిల్‌లో ఇంటికి ఒక ఉత్తరం రాయండి: ఏ దారి, టెంటు రంగు, ఎప్పటికి దిగుతాను, ఎవరికి ఫోన్ చేయాలి. దాన్ని దిగాల్సిన రోజుకు మర్నాడు ఉదయానికి షెడ్యూల్ చేయండి. క్షేమంగా దిగితే రద్దు చేస్తారు. దిగకపోతే మీ ఫోన్ ఆరిపోయి ఉన్నా గూగుల్ సర్వరు నుంచి అది వెళ్లిపోతుంది. సాయంత్రానికే పెట్టారంటే మాత్రం మీరు ధాబాలో పరాఠా తింటుండగా ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. అదే వివరం కాగితం మీద రాసి హోటల్ కౌంటర్లో కూడా ఇవ్వండి.

ప్రశ్న: ట్రెక్ కోసం దించుకున్న జీపీఎస్ యాప్ విజయవాడలో మా ఇంటి ఎత్తు మైనస్ 60 మీటర్లని చూపిస్తోంది. ఫోన్ పాడైందా? – విజయవాడ పాఠకురాలు

జవాబు: లేదమ్మా, మీ ఇల్లు కృష్ణలో మునగలేదు. జీపీఎస్ ఎత్తును సముద్రమట్టం నుంచి కాకుండా, భూమిని నున్నటి దీర్ఘగోళంగా ఊహించి ఆ ఉపరితలం నుంచి కొలుస్తుంది. మన దక్షిణాదిలో అసలు సముద్రమట్టం ఆ ఊహారేఖ కన్నా చాలా కిందికి ఉంటుంది. కొన్ని యాప్‌లు ఈ తేడా సరిచేస్తాయి, మీది చేయడం లేదు. సెట్టింగుల్లో సముద్రమట్టం లేదా జియాయిడ్ సవరణ ఉందేమో చూడండి.

మీ వాచీలో బారోమీటర్ ఉంటే ఇంకో ఉపయోగం. పడుకునేటప్పుడు ఎత్తు చూసుకోండి. తెల్లారేసరికి టెంటు కదలకుండానే 40 మీటర్లు ‘ఎక్కేస్తే’ గాలి పీడనం పడిపోయిందని అర్థం. వాతావరణం చెడుతోంది, ఆ రోజు కనుమ వైపు వెళ్లకండి.

ప్రశ్న: స్మార్ట్‌వాచీలో ఆక్సిజన్ 90 చూపిస్తే పైకి వెళ్లొచ్చా? – కర్నూలు పాఠకుడు

జవాబు: చల్లబడ్డ మణికట్టు మీద ఆ అంకె ఎటైనా ఊగుతుంది. తలనొప్పి, వాంతి, తూలడం మొదలైతే వాచీ 95 చూపించినా దిగిపోండి.