ముందు నాన్నగారి జ్వరం సంగతి చూడండి

ప్రశ్న: మాది కోనసీమలో ఒక లంక ఊరు. ఆరేళ్ళుగా పెంచుకున్న మా టామీ పోయిన వారం చనిపోయింది. వరద తీశాక దాని ఒళ్ళంతా గోమార్లు పడితే, గేదెలకు వాడే మందు నీళ్ళలో కలిపి పూశాం. నాలుగు రోజుల తర్వాత తిండి మానేసి వాంతులు మొదలుపెట్టింది. మెడికల్ షాపులో అడిగి జ్వరం మాత్రలు వేశాం. కళ్ళు పచ్చబడ్డాయి, ఐదో రోజుకి పోయింది. మేం పూసిన మందే దాని ప్రాణం తీసిందా? దగ్గరుండి చూసుకున్న నాన్నగారు ఆ బెంగతో రెండు రోజులుగా జ్వరం, పిక్కల నొప్పులతో మంచం దిగడం లేదు. ఆయన కోసమైనా వెంటనే ఇంకో కుక్కపిల్లను తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, కుక్కపిల్ల సంగతి తర్వాత. ఇది చదివిన వెంటనే నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బెంగ పెట్టుకున్న మనిషి తిండీ నిద్రా మానేస్తాడు. జ్వరం వచ్చి పిక్కలు నొప్పులు పుడుతుంటే దాన్ని బెంగ ఖాతాలో వేసి ఊరుకోకూడదు.

వరద నీరు, కళ్ళు పచ్చబడి చనిపోయిన కుక్క, దానికి సేవ చేసిన మనిషికి జ్వరం. ఈ మూడూ కలిసి వస్తే నాకు ముందుగా అనుమానం వచ్చేది లెప్టోస్పైరోసిస్ మీద. ఎలుక జ్వరం అంటారు. ఎలుకల మూత్రంలోంచి ఈ సూక్ష్మజీవి నీళ్ళలోకి, బురదలోకి చేరుతుంది. మన వైపు బోదెలకీ వరి చేలకీ ఎలుకలకీ కొదవ లేదు. నీళ్ళలో నాని కాలివేళ్ళ సందులు ఒరిసినా, చేతికి చిన్న గీత ఉన్నా లోపలికి వెళ్ళిపోతుంది. జబ్బు పడ్డ కుక్క మూత్రంలోనూ ఉంటుంది. టామీ పడుకున్న చోటు నాన్నగారు వట్టి చేతులతోనే కడిగి ఉంటారు కదా? సాధారణంగా ఒకటి రెండు వారాల్లో, ఒక్కోసారి నెల దాకా ఆగి కూడా జ్వరం రావచ్చు.

నేను పశువుల డాక్టర్ని, మనుషులకు మందు చెప్పను. అది డెంగ్యూ కావచ్చు, మలేరియా కావచ్చు, మామూలు జ్వరమే కావచ్చు. పరీక్ష చేయకుండా ఎవరూ తేల్చలేరు. కానీ అక్కడి డాక్టరుగారికి "మా కుక్క కామెర్లతో పోయింది, ఈయనే దాని మలమూత్రాలు ఎత్తారు, వరద నీళ్ళలో తిరిగారు" అని మీరే నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు. కళ్ళు ఎర్రబడినా, పచ్చబడినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా రాత్రి అని చూడకుండా పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఈలోగా ఒళ్ళు నొప్పుల మాత్రలు సొంతంగా వేయకండి. ఒకవేళ ఇది ఎలుక జ్వరమే అయితే ముందు దెబ్బ తినేవి కిడ్నీలూ కాలేయమే.

ఇంకో మాట. చివరి పది రోజుల్లో టామీ ఎవరినైనా కరిచిందా, గీరిందా, పుండు మీద నాకిందా? అలాంటిది జరిగి ఉంటే రేబీస్ టీకాల గురించి కూడా అదే ఆసుపత్రిలో అడగండి. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితమే.

ఇక మీ ప్రశ్న. గోమార్ల మందు వల్లే పోయిందని చెప్పలేను. ఏ మందో, ఎన్ని నీళ్ళలో ఎంత కలిపారో మీరు రాయలేదు. మోతాదు మించితే చొంగ, వణుకు, ఫిట్స్, మత్తు లాంటివి సాధారణంగా ఆ రోజో మర్నాడో కనబడతాయి. నాలుగు రోజులు బాగానే ఉండి ఆ తర్వాత కామెర్లు వచ్చాయంటే నా అనుమానం ఎలుక జ్వరం మీదో, గోమార్లు అంటించే బెబీసియా లాంటి రక్తపు జబ్బుల మీదో. చుక్క రక్తం తీసి పరీక్ష చేసుంటే కొంత తెలిసేది.

నన్ను బాధపెట్టింది ఆ ఐదు రోజులు. మెడికల్ షాపు అబ్బాయికి కుక్క ఒంటి తత్వం ఏం తెలుస్తుందమ్మా? మనం వాడే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కకు కడుపులో పుండ్లు పెడతాయి, కిడ్నీలు దెబ్బతీస్తాయి. రోజూ చూసే సంగతే ఇది: మాత్రలు వేస్తారు, కాస్త లేచి తిరిగితే తగ్గిందనుకుంటారు, నీళ్ళు కూడా ముట్టనప్పుడు ఆటోలో వేసుకొస్తారు. కుక్క ఒక పూట తిండి మానేస్తే పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోట రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. పాలిపోయినా, పసుపు తిరిగినా ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వెంటనే తెచ్చుంటే టామీ తప్పకుండా బతికేదని నేను అనను. ఈ జబ్బులో చికిత్స చేసినా పోయేవి ఉన్నాయి. మీరు చేతనైనంత చేశారు, ఆ నేరం నెత్తిన వేసుకోకండి.

కుక్కపిల్లను ఇప్పుడే తేవద్దు. టామీ ఒంటి మీద ఆముదం గింజల్లా ఉబ్బిన గోమార్లు చూసే ఉంటారు. అవి రాలి, గోడ పగుళ్ళలోకీ మంచాల సందుల్లోకీ పాకి ఒక్కోటి వేల గుడ్లు పెడతాయి. పిల్లలు తిండి లేకుండా నెలల తరబడి కాచుకుని ఉంటాయి. పగుళ్ళు పూడ్పించండి. టామీ పడుకున్న చోటును చేతులకు తొడుగులు, కాళ్ళకు చెప్పులు వేసుకుని బ్లీచింగ్ నీళ్ళతో కడిగి బాగా ఎండనివ్వండి. దాని గోనెసంచీ, గొలుసు ఇంకెవరికీ ఇవ్వకండి. టామీని బోరుకి దూరంగా లోతుగా పూడ్చారనే అనుకుంటున్నాను. కొందరు కాలవలో వదిలేస్తారు. దిగువ ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నిండేది ఆ కాలవ నీళ్ళతోనే.

ఎలుక జ్వరం గేదెలకూ రావచ్చు. మీ గేదెల్లో ఏదైనా ఈసుకుపోయినా (చూడి పోయినా), పాలు తగ్గినా 1962 కి ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. అప్పుడు టామీ సంగతి కూడా చెప్పండి.

నాన్నగారు కోలుకున్నాక కుక్కపిల్ల గురించి మళ్ళీ రాయండి. లెప్టో టీకా రెండు డోసులు వేయించి, ఏటా బూస్టర్ ఇప్పించాలి. మూడో నెలలో రేబీస్ టీకా. ఆ తేదీలు, గోమార్లకు కుక్కల మందు ఏది, ఎంత అనేది పిల్ల బరువు చూసి మీ పశువైద్యులు రాసిస్తారు. ఆ గేదెల మందు సీసా మీది పేరు కూడా రాసి పంపండి.